డేగరాయి మీద కుంచెడు బియ్యం

గాలి మాచక్కను మోసినట్టే మోసి, నడిమధ్యలో ఎందుకు వదిలేసింది?

చెంచన ఈ ప్రశ్నను ఇరవై నాలుగేళ్ళుగా వెంటబెట్టుకు తిరుగుతున్నాడు. విషపు పొగలు చిమ్మే ధూమ్రకనుమ దాటినప్పుడు కూడా అది అతని వెంటే ఉంది. రెండు తలల కొండచిలువ పొట్టను లోపలి నుంచి వెదురు కత్తితో చీల్చుకుని బయటపడిన రోజు కూడా, ఒళ్ళు కడుక్కుంటూ దాని గురించే ఆలోచించాడు. దారిలో కనబడిన సాధువులనల్లా అడిగాడు. అందరూ కర్మ అన్నారు. చెంచన కాదనలేదు. దేవుడి మీద అతనికి కోపం లేదు. పొద్దున లేవగానే వాయుదేవుడికి దణ్ణం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టడు. కాకపోతే కర్మ అయినా ఏదో ఒక చేత్తోనే కదా పని జరిపించేది, ఆ చెయ్యి ఎవరిదో తెలిస్తే బాగుండునని అతని బాధ.

అప్పుడు అతనికి ఆరేళ్ళు, అక్క మాచక్కకు పన్నెండు. శైలధ్వజ రాజ్యంలో వరసగా మూడో కరువు. రాజగురువు గృధ్రదత్తుడు ఏటా వసంతంలో ఏడుగురు పిల్లలను ఎంచుతాడు. వాళ్ళకు పట్టు రెక్కలు తొడిగి, కాలి మడమలకు కంచు గంటలు కట్టి, డేగరాయి అనే కొండకొన మీద నుంచి లోయలోకి దూకిస్తాడు. భక్తి నిండుగా ఉన్న బిడ్డను గురువుగారి మంత్రం ఎత్తి ఆకాశానికి చేరుస్తుందట. భక్తి చాలని బిడ్డ పడిపోతుందట. ముప్ఫయ్యేళ్ళలో భక్తి చాలిన బిడ్డ ఒక్కటీ పుట్టలేదు.

చెంచన తండ్రి మేదరి. బుట్టలూ చేటలూ అల్లే చేతులతోనే కూతురి రెక్కలకు వెదురు బద్దలు చీల్చాడు. ఏడుస్తూ చీల్చినా పని చెడగొట్టడం చేతకాని మనిషి. మంచి చేటకు ఇచ్చే వంపే ఆ రెక్కలకూ ఇచ్చాడు. తల్లి నాలుగిళ్ళు తిరిగి కుంచెడు బియ్యం తెచ్చింది. గడప దాటిపోయే బిడ్డకు పుట్టింటివాళ్ళు ఒడి నింపి పంపడం ఆ రాజ్యంలో ఆచారం. మెడకు కట్టిన పసుపు గుడ్డ జోలెలా గుండెల మీద వేలాడుతుంది, అందులో పోస్తారు.

కొండ ఎక్కుతుండగా మాచక్క తమ్ముడి మొహం చూసింది.

“ఆకలేస్తోందిరా?”

వాడు తల ఊపాడు.

“కండువా పట్టు. ఇది అప్పే సుమా! మళ్ళీ ఇచ్చెయ్యాలి,” అని నవ్వి, బియ్యమంతా వాడి కండువాలో పోసేసింది. ఒడి బొత్తిగా ఖాళీ అయితే అరిష్టమని నాలుగు గింజలు మాత్రం ఉంచుకుంది.

తర్వాత దూకింది. పడలేదు! లోయలోంచి లేచిన గాలి పట్టు కిందికి చేరి ఆమెను కొండకొన కంటే ఎత్తుకు లేపింది. జనం చేతులు జోడించారు. అంతలో ఆమె కాళ్ళు కిందికి వాలాయి. మొహం ఆకాశం వైపు తిరిగింది. గుమ్మంలో నిలబడ్డట్టు గాలిలో నిలువుగా నిలబడి, నిలువుగానే జారిపోయింది.

“సగం దూరంలో భక్తి చెడింది,” అన్నాడు గృధ్రదత్తుడు. ఆ ఒక్క మాట చెంచన తల్లిని పదేళ్ళ పాటు తిని, ఆఖరికి మింగింది.

*

గగనమంటపం కొండ నెత్తిన కిరీటంలా ఉంటుంది. దాని నూట ఎనిమిది చలువరాతి స్తంభాల మీద హంసలూ క్రౌంచాలూ రెక్కలు విప్పి నిలిచి ఉంటాయి. కప్పు నిండా పొదిగిన నీలాలు ఎండ పొద్దున కదిలే మేఘాల్లా మెరుస్తాయి. నాలుగు వైపులా తెరిచిన గవాక్షాల్లోంచి గాలి వచ్చి చిరుగంటలను మోగిస్తూ పోతుంది. ఎంత అందమంటే, లోపల ఉన్నది చావబోయే పిల్లలని గుర్తు తెచ్చుకోవడానికి కాస్త కష్టపడాలి.

ఆ ఏడు ఎంపికైన ఏడుగురూ నలభై రోజుల దీక్షలో అక్కడ ఉన్నారు. వాళ్ళకు స్తోత్రాలు నేర్పడానికి దూరదేశం నుంచి విశ్వావసు శాస్త్రులు అనే వృద్ధ పండితుడు వచ్చాడు. పాలలాంటి గడ్డం, వంగిన నడుము, చేతిలో కర్రకు తగిలించిన ఒక మూట. గడ్డం మేకవెంట్రుకలది. నడుము వంగింది నటనకు. మూటలో బియ్యం ఉంది. అక్క అప్పు తలుచుకుని చెంచన ఎక్కడ తిన్నా గుప్పెడు తీసి దాచేవాడు. పురుగు పట్టినవి పిట్టలకు వేసి కొత్తవి చేర్చేవాడు. ఆ బియ్యం ఏనాటికైనా అక్క పేరు చెప్పి లోయలో వదలాలని అతని కోరిక.

మొదటి రోజే అతను గృధ్రదత్తుడికి ఒక శ్లోకం వినిపించాడు: దీక్షలో ఉన్న బిడ్డలు తమ రెక్కలు తామే కట్టుకోవాలని దాని భావం. “సంగ్రహించదగిన శ్లోకం!” అని మెచ్చుకుని గురువు వెదురూ పట్టూ పంపించాడు. ఆ శ్లోకం ఏ శాస్త్రంలోనూ లేదు. పిల్లల ప్రాణాల కోసం ఆడిన అబద్ధం కాబట్టి దేవుడు ఓర్చుకుంటాడని చెంచన నమ్మకం.

కాపలావాళ్ళు వినేలా కాసేపు స్తోత్రం, వాళ్ళు కునుకు తీయగానే చదువు.

“ఇదుగో రెండు టేకాకులు. ఒకటి నలిపి ఉండ చేశాను, ఒకటి అలాగే ఉంది. వదిలితే ఏది ముందు కింద పడుతుంది?”

“ఉండ!” అన్నాడు జక్కులు. డప్పుగాడి కొడుకు, తొమ్మిదేళ్ళు, నోరు ఊరుకోదు.

“ఎందుకు? రెండింటి బరువూ ఒకటేగా.”

పిల్లలు తలలు గోక్కున్నారు. “వదిలి చూడండి,” అన్నాడు చెంచన. వాళ్ళే పది మార్లు వదిలి చూశారు. మధ్యాహ్నానికి కుమ్మరి పుల్లి మెల్లగా అంది: “ఆకు వెడల్పుగా ఉంటే కింద గాలి ఇరుక్కుంటోంది అయ్యవారూ. తప్పుకోడానికి దానికి దారి దొరకట్లేదు.”

పుల్లికి పన్నెండేళ్ళు. తల్లీ తండ్రీ లేరు. కుండలమ్మే ముత్తవ్వ పెంచింది.

మర్నాడు భూర్జపత్రం చీలికలు ఇచ్చాడు. కింది పెదవికి ఆనించి పైనుంచి ఊదమన్నాడు. వేలాడుతున్న చీలిక కిందికి పోకుండా పైకి లేచింది! “ఊదింది పైన, లేచింది కూడా పైకే! ఇదేం మాయ?” అని జక్కులు అరిచాడు.

“మాయ అయితే నేను మంత్రం చదవాలి కదరా. చదివానా?”

“లేదు. కానీ మీ గడ్డం కూడా లేస్తోంది అయ్యవారూ, ఊదకుండానే!”

చెంచన గబుక్కున గడ్డం అదిమిపట్టుకున్నాడు.

మూడో వారం చేటలతో పరుగులు పెట్టించాడు. చేటను పడుకోబెట్టి పట్టుకుని పరుగెత్తితే ఏమీ లేదు. ముందంచు కాస్త ఎత్తితే అది చేతులను పైకి లాగింది. మరీ ఎత్తితే ఛాతీకి కొట్టి వెనక్కి నెట్టింది. ఏడుగురూ పడ్డారు, మోకాళ్ళు చెక్కుకున్నారు, “కాస్తే ఎత్తాలి, కాస్తే!” అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఎప్పుడూ కడుపు నిండా తినని పిల్లలు, చచ్చిపోతామని తెలిసిన పిల్లలు, ఆ పూట విరగబడి నవ్వారు. ఆ నవ్వు విని చెంచన స్తంభం చాటుకు పోయి కళ్ళు తుడుచుకున్నాడు. వీళ్ళకు తను నేర్పుతున్నది సరిపోతుందా? అక్క ఎందుకు పడిందో తనకే తెలియదు. తెలియని చోట ఏడుగురిని గాలికి అప్పగించబోతున్నాడు.

నాలుగో వారం అందరూ ఈనెలూ తాళపత్రాలతో బొమ్మ పక్షులు కట్టారు. జక్కులు తన పక్షి ముక్కుకు తేనెమైనం ముద్ద అంటించాడు. “ముక్కు లేకుండా పక్షి ఏంటి?” అని వాడి వాదన. వదిలాడు. అది అందరి పక్షులనూ దాటి, గవాక్షంలోంచి బయటికి, ప్రాకారం మీదుగా, నేరుగా గృధ్రదత్తుడి పూజామందిరం వైపు సాగిపోయింది!

అది గురువు ముందు వాలితే పిల్లల తలలు ఆ పూటే రాలుతాయి.

ముసలి శాస్త్రులు ఒక్క అంగలో గవాక్షం దూకాడు. ప్రాకారం మీద పరుగెత్తి, జెండాకొయ్యకు కట్టిన మోకు పట్టుకుని జర్రున జారాడు. అరచేతులు మండాయి. ఆకాశంలో కాపలా తిరిగే ఇనుపముక్కు రాబందు అతన్ని చూసి రివ్వున దిగింది. చెంచన ఎడమ చేత్తో బొమ్మను అందుకున్నాడు. కుడి భుజాన రాబందు గోళ్ళు దిగాయి. ఉత్తరీయం విప్పి దాని తలకు చుట్టి వదిలేశాడు. కళ్ళు కనబడక అది గోపురానికి కొట్టుకుని కూలింది. మోకు తెగింది. చెంచన వంటశాల పెరట్లో చల్ల కాగులో దబ్బున పడ్డాడు.

వంటవాడు గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “శాస్త్రులుగారూ! ఇదేం స్నానం?”

“దీక్షాస్నానం నాయనా. పెరుగుతో చెయ్యాలి. మీ ఇంట పెరుగు లేక చల్లతో సరిపెట్టుకున్నాను,” అని గడ్డం పిండుకుంటూ, మూలుగుతూ, మూడు కాళ్ళ ముసలివాడిలా నడిచి మంటపం చేరాడు.

బొమ్మ చెక్కుచెదరలేదు. ముక్కున మైనం మాత్రం ఊడిపోయింది. పుల్లి దాన్ని తుడిచి మళ్ళీ వదిలింది.

బొమ్మ లేచింది. తోక వాలింది. ముక్కు ఆకాశం వైపు తిరిగింది. గాలిలో నిలువుగా నిలబడి, నిలువుగానే జారి నేలకు కొట్టుకుంది.

చెంచన వంగి ఆ బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు.

“ముందు బరువు లేదు అయ్యవారూ,” అంది పుల్లి. “బరువుంటే ముక్కు వాలి ముందుకు జారేది, గాలి మోసేది. బరువు పోయేసరికి తోక కిందికి లాగేసింది. మా కాళ్ళకి కూడా గంటలు కడతారుగా? అప్పుడు మేమూ ఇంతేనా?”

గుండెల మీద కుంచెడు బియ్యం. కాళ్ళకు కంచు గంటలు. బియ్యం ఎవరు తిన్నారు?

ఇరవై నాలుగేళ్ళుగా వెతికిన చెయ్యి అతనికి ఆనాడు దొరికింది. కండువా చాచిన ఆరేళ్ళ చెయ్యి అది. ఆ బియ్యంతో అమ్మ మూడు రోజులు గంజి కాసింది. అతను అడిగి మరీ రెండోసారి పోయించుకున్నాడు.

“అయ్యవారూ, ఏడుస్తున్నారా?”

“చల్ల పడింది కళ్ళలో,” అన్నాడు. అందరినీ దగ్గరికి పిలిచి చెప్పాడు. “అందరూ వినండి. మీ ఇళ్ళవాళ్ళు పోసే ఒడిబియ్యం ఎవరికీ ఇవ్వకండి. ఆకలేసినా తినకండి. తమ్ముడు అడిగినా... తమ్ముడు అడిగినా సరే, పెట్టకండి.”

ఆ రోజు నుంచి కోట ఇచ్చే స్వయంపాకం బియ్యం అతను వండుకోలేదు. పళ్ళూ పాలతో గడిపి, ఆ బియ్యం ముత్తవ్వ కుండల్లో దాచి ఆరుగురు తల్లులకు చేర్పించాడు. పుల్లి ఒడి నింపడానికి ముత్తవ్వ ఉండనే ఉంది.

*

వసంతోత్సవం రోజున డేగరాయి మోదుగు పూలతో మంటలా ఉంది. వెండి శంఖాలు ఊదారు. లోయలో నీలధార నది పాము కుబుసంలా మెరుస్తోంది. దానికి అవతల, ఇసుకతిన్నెల మీద, గృధ్రదత్తుడి ఆజ్ఞ చెల్లని హేమవల్లి రాజ్యం మొదలవుతుంది. గురువు రాబందు ఈకల అంగీ తొడుక్కుని, స్ఫటిక కలశం చేతబట్టి కొన మీద నిలిచాడు. పడిపోయే పిల్లల ఆఖరి ఊపిరి ఆ కలశంలో పట్టి, దాని బలంతోనే అతను ఏడాది పొడుగునా ఆకాశంలో తిరుగుతాడు. గురువు కాక ఈ సంగతి తెలిసింది ఆ కొండ మీద చెంచన ఒక్కడికే.

మొదట జక్కులు. తల్లి ఒడి నింపింది. వాడు పరుగెత్తి, రెక్క ముందంచు కాస్తే, కాస్తే ఎత్తి, దూకాడు. ఒక్క క్షణం కిందికి పోయాడు. గాలి అందుకుంది. పట్టు నిండింది. వాడు లోయ మీదుగా, నది మీదుగా సాగి, అవతలి ఇసుకలో బోర్లా పడి, లేచి గంతులేశాడు!

తర్వాత ఒకరూ, ఇంకొకరూ. ఆరుగురూ దాటారు.

గృధ్రదత్తుడి మొహం సున్నంలా పాలిపోయింది. అతని చేతిలోని కలశంలో ఒక్క ఊపిరీ లేదు. కానీ అతను జనం వైపు తిరిగేలోపే జనం అతని కాళ్ళ మీద పడ్డారు.

“గురుదేవా! నీ మంత్రం ఫలించింది!” “మా తండ్రీ, నీ మహిమ!”

జక్కులు తల్లే అందరి కంటే ముందు సాష్టాంగపడింది. అది చూసి గృధ్రదత్తుడి పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి.

“చూశారుగా నా మంత్రబలం! వచ్చే వసంతానికి ఏడుగురు కాదు, డెబ్బైమంది!”

తల్లులు పోటీలు పడి బిడ్డలను ముందుకు తోశారు. “నా వాణ్ణి స్వామీ!” “ముందు మాది!” చంకలో పాప ఉన్న ఒకామె ఆ పాపను రెండు చేతులా ఎత్తి చూపించింది.

వాళ్ళను బతికించాలని చెంచన నలభై రోజులు పాటుబడితే, ఆ బతికిన ఆరుగురే డెబ్బైమంది చావుకు సాక్ష్యమయ్యారు. ఆకు ఎందుకు తేలుతుందో, చేట ఎందుకు లేస్తుందో ఆ డెబ్బైమందికి ఎవరు నేర్పుతారు? దేవుడా, చేసిన మంచి కూడా ఇలా వంకర తిరుగుతుందా అని కొండ పైకి చూశాడు. కొండ పైన ఏమీ లేదు, గాలి తప్ప.

ఇక మిగిలింది పుల్లి. ముత్తవ్వ కుంచంతో ముందుకు వచ్చింది.

“ఆగు!” అన్నాడు గృధ్రదత్తుడు. అతని చూపు ఆ కుంచం మీద నిలిచింది. “నువ్వు దీనికి ఏమవుతావు?”

“పెంచినదాన్ని సామీ.”

“పెంచితే చాలదు. ఒడి నింపేది పుట్టింటివాళ్ళే. ఆచారం తప్పితే ఊరికి అరిష్టం. దీనికి రక్తబంధువు ఎవరైనా ఉన్నారా?”

భటులు ముత్తవ్వను ఈడ్చి పక్కకు నెట్టారు. కుంచం దొర్లి బియ్యం రాళ్ళలో చిందిపోయింది. పుల్లి ఖాళీ పసుపు గుడ్డను రెండు చేతులా పట్టుకుని అయ్యవారి వైపు చూసింది. ఏం జరగబోతుందో ఆ పిల్లకు తెలుసు. బొమ్మను వదిలింది తనే.

విశ్వావసు శాస్త్రులు మూట విప్పుతూ ముందుకు నడిచాడు.

“నువ్వెవరివయ్యా దీనికి?” అన్నాడు గురువు.

“తమ్ముణ్ణి.”

జనం గొల్లున నవ్వారు. “ముసలాయనకి మతి పోయింది! పన్నెండేళ్ళ పిల్లకి తమ్ముడట!”

“అవును, తమ్ముణ్ణి. మా అక్కకీ పన్నెండేళ్ళే,” అని చెంచన గడ్డం ఊడబెరికి లోయలోకి విసిరాడు. నడుము నిటారుగా లేచింది. నవ్వు ఆగిపోయింది. “మేదరి మాచక్క తమ్ముణ్ణి. మా అక్కకి భక్తి తక్కువై పడలేదు. ఒడిలో బియ్యం లేక పడింది. ఆ బియ్యం నేను తిన్నాను. అమ్మలారా, వినండి! మీ బిడ్డల్ని మోసింది మంత్రం కాదు. వెదురు వంపూ, గుండెల మీద బరువూ, వాయుదేవుడు అందరికీ సమంగా ఇచ్చిన గాలీ! నేర్చుకోకుండా ఎవర్నీ దూకించకండి!”

గృధ్రదత్తుడు అతని చెవి దగ్గరికి వంగి, మరెవరికీ వినబడకుండా అన్నాడు: “నాకు తెలియదనుకున్నావా పిచ్చివాడా? ఆకలి ఉన్న ఇళ్ళ పిల్లల్నే ఎంచుతాను. అక్కడ ఒడిలో బియ్యం నిలవదు.” తర్వాత గొంతెత్తాడు. “గురుద్రోహి! పట్టుకోండి!”

“ద్రోహి! ద్రోహి!” అని జనం కూడా అందుకున్నారు. తల్లుల్లోంచే ఎవరో మొదటి రాయి విసిరారు. అది చెంచన కణతకు తగిలింది. జక్కులు తల్లి మాత్రం రాయి పట్టుకునీ విసరలేదు. అవతలి ఒడ్డున గంతులేస్తున్న కొడుకును చూస్తూ నిలబడిపోయింది.

భటులు దూసుకొచ్చారు. చెంచన మొదటివాడి ఈటెను మూటకర్రతో విరిచి, రెండోవాణ్ణి భుజంతో కొండగోడకు గుద్ది, పుల్లి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“ఒడి పట్టవే తల్లీ.”

పుల్లి పసుపు గుడ్డ చాచింది. బియ్యం గలగలా జారింది. పాతవీ కొత్తవీ, తెల్లవీ ఎర్రవీ, ఏడు రాజ్యాల గింజలు. కొలవలేదు, కుంచెడుకు కాస్త ఎక్కువే ఉంటుంది. కణత నుంచి కారిన నెత్తురు రెండు చుక్కలు దాని మీద పడ్డాయి.

“మీరో అయ్యవారూ?”

“ముందంచు ఎంత ఎత్తాలి?”

“కాస్తే,” అంది పుల్లి ఏడుస్తూ.

“పరుగెత్తు!”

కంచు గంటలు ఘల్లుమన్నాయి. వెనక నుంచి నాలుగు ఈటెలు చెంచన వీపుకు ఆనాయి, భటులు పెడరెక్కలు విరిచి కట్టేశారు. అతను తల తిప్పలేదు. పుల్లి కొన దాటింది. ఒక్క క్షణం కిందికి పోయింది. కొన అంచు మరుగై, పిల్ల కనబడలేదు.

తర్వాత లోయలోంచి పట్టు రెక్కలు పైకి లేచాయి. అక్క లేచినంత ఎత్తుకు లేచి, సరిగ్గా అక్క ఆగిన చోటికి వచ్చాయి. పుల్లి గుండెల మీది పసుపు మూట బరువుగా ముందుకు వాలింది. ఆమె కాళ్ళు వాలలేదు, మొహం ఆకాశం వైపు తిరగలేదు. ఆ చోటు దాటి, నది దాటి, ఇసుక వైపు సాగిపోయింది.

“అక్కా, ముట్టిందా?” అన్నాడు చెంచన, కట్టేసిన చేతులతోనే, గాలిలోకి.